బ్యాటరీ గదిలో గాజు దారం

మా పడగ్గదికీ బ్యాటరీల గదికీ మధ్య ఉన్నది ఒక్క గోడే. ఆ గోడ కూడా పైకప్పు దాకా లేదు. పైన జానెడు ఖాళీ వదిలి సిమెంటు జాలీ పెట్టారు. పలాసలో ఈ ఇల్లు కట్టినప్పుడు అది జీడిగింజల బస్తాలు నిలవ చేసుకునే గది. గాలి ఆడకపోతే గింజకి బూజు పడుతుందని మామయ్య ఆ జాలీ పెట్టించారట. ఆయన పోయాక బావ ముందు గదిలో ఇన్వర్టర్లు, బ్యాటరీల దుకాణం తెరిచి, ఈ గదిలో ఛార్జింగు పెట్టాడు. బావ అంటే నా భర్తే. మేనమామ కొడుకు కనుక చిన్నప్పటి పిలుపు పెళ్లయ్యాకా మారలేదు. అత్తనూ అత్త అనే పిలుస్తాను.

పెళ్లయిన కొత్తలో ఆ గదిలోంచి వచ్చే చప్పుడు నాకు ఇష్టంగా ఉండేది. ఛార్జింగు నిండుతున్న బ్యాటరీలు లోపల గుబగుబమని ఉడుకుతాయి. వరసగా కూర్చున్న ముసలాళ్లు ఒకేసారి పుక్కిలిస్తున్నట్టు ఉంటుంది. బావ వాటి మధ్య తిరుగుతూ, మూతలు తీసి చూసి, నీళ్లు పోస్తూ, "దీనికి దాహమెక్కువే, ఇది తాగుబోతుది" అని ఒక్కోదాని గుణం చెప్పేవాడు. పశువుల కొట్టంలో రైతులా ఉండేవాడు.

పురిటికి సుమ్మాదేవిలో మా అమ్మ దగ్గరికి వెళ్లి, పాపని ఎత్తుకుని తిరిగి వచ్చిన రోజు అదే చప్పుడు విని గుమ్మంలోనే ఆగిపోయాను. పాపని మంచం మీద పడుకోబెట్టాను. ఉయ్యాల కొక్కెం సరిగ్గా ఆ జాలీ కింద ఉంది.

తెలియనివాళ్లకి ఈ భయం ఉండదు. బ్యాటరీ నిండే వేళకి లోపలి నీరు విడిపోయి హైడ్రోజన్ బయటికొస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. అన్నిటికన్నా తేలిక కాబట్టి నేరుగా పైకప్పుకి చేరి అక్కడ పోగుపడుతుంది. గాలిలో నూటికి నాలుగు పాళ్లు చేరితే చాలు, స్విచ్చి వేసినప్పుడు వచ్చే చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. నేను టెక్కలిలో ఇంజనీరింగు చదివాను. ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు ఈ వాయువుని పసిగట్టడం మీదే చేశాను. నాలుగేళ్ల చదువులో మిగతాదంతా కాస్త కాస్త మరిచిపోయాను గానీ ఇది మరిచిపోలేదు.

ఆ ప్రాజెక్టు ఆలోచన మా మేడమ్‌ది. నిప్పురవ్వకి అంటుకునే వాయువుని వెతకడానికి కరెంటుతో నడిచే పరికరాన్ని లోపలికి పంపడమేమిటి, అగ్గిపుల్ల గీసి పెట్రోలు ఉందో లేదో చూసినట్టు కాదా అని క్లాసులో అడిగారు. అందరం నవ్వాం. అప్పుడు ఆవిడ వెంట్రుక కన్నా కొంచెమే లావున్న గాజు దారం చూపించారు. ఆప్టికల్ ఫైబర్. ఇంటర్నెట్ కోసం మన వీధుల్లో స్తంభాల మీద లాగుతున్నది ఆ జాతిదే. ఒక కొసనుంచి వెలుగు పంపిస్తాం. రెండో కొసకి పెల్లేడియం అనే లోహం పలచని పూత ఉంటుంది, అద్దంలాగా. వెలుగు దానికి తగిలి అదే దారంలో వెనక్కి వస్తుంది. పెల్లేడియానికి హైడ్రోజన్ అంటే వింత ఆకలి. స్పాంజి నీళ్లు పీల్చినట్టు పీల్చుకుని రవ్వంత ఉబ్బుతుంది. ఉబ్బితే అద్దం మసకబారుతుంది. వెనక్కి వచ్చే వెలుగు తగ్గుతుంది. మంచి గాలి తగిలితే పీల్చినదంతా మళ్లీ వదిలేసి మామూలవుతుంది. ప్రమాదం ఉన్న చోటికి వెళ్లేది వెలుగు ఒక్కటే. కరెంటు పెట్టెలన్నీ దూరంగా ఇంకో గదిలో ఉంటాయి.

ఇది ఎక్కడ పనికొస్తుందని పరీక్షకి వచ్చిన సార్ అడిగితే రాకెట్లు, హైడ్రోజన్ బస్సులు అని గడగడా చెప్పాను. బ్యాటరీ కొట్టు నా నోటికి రాలేదు.

పాపతో వచ్చిన వారం లోపలే ఇంట్లో గొడవ మొదలైంది. గొడవ అంటే అరుపులు కాదు. మా ఇంట్లో గొడవలన్నీ అన్నం దగ్గర వేళాకోళంలా నడుస్తాయి.

"గేసు వత్తే కంపు కొట్టదేటి?" అంది అత్త. "వొంటగేసు కొట్టదా? ముక్కుకి తెలకుండా వచ్చీ గేసు ఏ ఊర్లో ఉందే పిల్లా?"

"వొంటగేసుకి ఆ కంపు కంపినీవోలు కలుపుతారత్తా, మనకి తెలాలని."

"అయితే దీనికీ కలపమని సెప్పు."

"దీన్ని ఎవులూ తయారు సెయ్యరు. దానంతటదే పుడతాది."

"పుట్టిందానికల్లా బయపడితే ఎలగే? నువ్వూ అలగే పుట్టావు, నాను బయపడ్డానా?"

బావ నవ్వు ఆపుకుంటూ చారు పోసుకున్నాడు. "పైన కిటికీ తీసే ఉంటాది కదే. అంత బెంగైతే గాలి లాగీ పెద్ద పేను ఎట్టిస్తాను."

"మామూలు పేను ఎట్టకు. దాని మోటారులోనే నిప్పురవ్వ పుడతాది."

"మరేటి సెయ్యమంటావు? ఇసనకర్రట్టుకుని నన్ను కూకోమంటావా?"

అసలు చేయవలసింది నాకు తెలుసు. ఛార్జింగుని ఆ గదిలోంచి తీసేయాలి. పెరటి వైపు ఇనుప గ్రిల్లు వేసిన వసారా ఉంది. మూడు వైపులా గాలి. కానీ ఆ వసారా అత్త రాజ్యం. కవిటిలో వాళ్ల తోట నుంచి వచ్చే కొబ్బరికాయలు, ఎండు చేపల బుట్టలు, పచ్చడి జాడీలు, రోలు, ఆవిడ మధ్యాహ్నపు కునుకు, అన్నీ అక్కడే. ఒకసారి మాట వరసకి అంటే, "నన్నూ ఓ మూలకి సార్జింగు ఎట్టీండి" అంది. ఆ తర్వాత నేను ఎత్తలేదు. పెరట్లో పాక వేద్దామంటే, సీసం కోసం బ్యాటరీలు ఎత్తుకుపోయే దొంగలు మా వీధిలో ఇదివరకే తిరిగారు.

పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేదాన్ని. ఊపిరి తగిలితే వేలు తీసి, మళ్లీ పెట్టేదాన్ని. తర్వాత జాలీ వైపు చూసేదాన్ని. చూస్తే ఏం కనబడుతుంది, కనబడని దాని గురించే కదా భయం. ఉయ్యాలని ఆ మూలనుంచి ఈ మూలకి మార్చాను. అత్త ఏమీ అనకుండా తనే కొత్త కొక్కెం తెచ్చి బిగించింది, కానీ బిగిస్తున్నంతసేపూ, "ఈ సదువుకున్న కోడలితో నాను కొక్కేలు కొట్టలేక సస్తన్నాను" అని పాపకి ఫిర్యాదు చేస్తూనే ఉంది.

చివరికి టెక్కలి వెళ్లి మేడమ్‌ని కలిశాను. బస్సులో పాప నా ఒళ్లో పడుకుంది. పక్క సీటామె ఎక్కడికని అడిగితే ఆస్పత్రికని చెప్పేశాను. హైడ్రోజన్ కోసమని చెప్పడం ఎలా.

మేడమ్ పాపని ఎత్తుకుని, బీరువా తెరిచి, మా పాత పరికరాన్ని బయటికి తీశారు. ఎవరో జూనియర్లు దాని కొసకి కొత్త పూత వేయించారట. వెనక్కి వచ్చే వెలుగుని చూపేది మాత్రం అదే పాత ముల్లు మీటరు. "తీసుకెళ్లు. కానీ ఒక మాట గుర్తుంచుకో," అన్నారు. "ఇది ల్యాబులో బల్ల మీద పనిచేసిన పిల్ల పరికరం. ఇది ప్రమాదం ఉందంటే నమ్ము. ఏమీ అనకపోతే ప్రమాదం లేదని మాత్రం నమ్మకు. దీన్ని చూసుకుని కిటికీలు మూస్తే ఇది లేకపోవడమే మేలు."

ఇంటికొచ్చి బావా నేనూ కలిసి అమర్చాం. పూత ఉన్న కొసని బ్యాటరీ గది పైకప్పు కింద వేలాడదీశాం. దారాన్ని జాలీలోంచి పడగ్గదిలోకి, అక్కడినుంచి గోడ వెంట హాల్లోకి తెచ్చాం. వెలుగు పంపే పెట్టె, మీటరు టీవీ పక్కన పెట్టి ఒక పవర్ బ్యాంకుకి తగిలించాం. వెలుగు బాగా వస్తున్నంతసేపూ ముల్లు పైన నిలబడుతుంది. తగ్గితే దిగుతుంది. ఎంత దిగితే అందరం బయటికి పోవాలో మేడమ్ చెప్పిన చోట, మీటరు అద్దం మీద నా బొట్టుబిళ్ల ఒకటి అంటించాను.

అత్త చాలాసేపు చూసింది. "కరెంటు నేదు, గేసు కనబడదు, దారం కనబడదు. మీరిద్దరూ కలిసి నన్నేదో సేత్తన్నారు," అని తేల్చింది. అయినా పక్కింటివాళ్లు చూడ్డానికి వస్తే, "తాకకండి, అది గాజు దారం, మా కోడలు సదివిన సదువు" అని తనే కాపలా కాసేది.

తర్వాత జరిగినది తలుచుకుంటే ఇప్పటికీ బావకి నవ్వాగదు. ముసురు పట్టి బట్టలారని ఒక పూట, ముల్లు ఒక్కసారిగా బొట్టుబిళ్ల కిందకి పడిపోయింది. నేను పాపని లాక్కుని, చెప్పులు కూడా లేకుండా రోడ్డు మీదికి పరిగెత్తాను. ఆటోలు ఆగిపోయాయి. "బావా, అత్తా, బయటికి రండి" అని ఏడుస్తూ అరిచాను. వీధిలో సగం మంది మా గుమ్మం ముందు పోగయ్యారు. బావ దుకాణంలోంచి ఒక్క దూకు దూకి వచ్చాడు. కాసేపటికి ఎవరో ధైర్యం చేసి తొంగి చూస్తే, అత్త హాల్లో తాపీగా నిలబడి పాప తడిగుడ్డలు ఆరేస్తోంది. గోడ వెంట లాగిన గాజు దారం మీద. బరువుకి దారం వంగి, వెలుగు ఆ వంపులోనే కారిపోయింది.

"దారమన్నావు కదే. దారమంటే గుడ్డలారేసుకోడానిక్కాదేటి?" అంది అత్త.

వారం పాటు బావ కొట్టుకి వచ్చిన ప్రతివాడికీ, "మా ఇంట్లో పిల్లగుడ్డలు ఆరాయో నేదో సెప్పే మిసనుంది" అని చెప్పాడు. నేను సిగ్గుతో దుకాణం వైపు వెళ్లడం మానేశాను. కానీ ఆ ఆదివారం తనే బజారుకెళ్లి వైర్లకి వాడే ప్లాస్టిక్ గొట్టం తెచ్చి, దారాన్ని అందులోకి ఎక్కించి, ఎక్కడా వంగకుండా, ఎవరూ ఏమీ వేలాడదీయకుండా పైకప్పు అంచున మేకులు కొట్టి బిగించాడు. స్టూలు మీద నిలబడి, నోట్లో మేకులు పెట్టుకుని, "నీ బెంగకి కవరింగు ఏత్తన్నాను" అన్నాడు. మా బావ ప్రేమ ఎప్పుడూ పనిముట్లతోనే వస్తుంది.

ఆ పడిపోవడం నాకొకటి నేర్పింది. వంగితే ముల్లు దభీమని పడుతుంది. వాయువైతే మెల్లగా దిగుతుంది, పెల్లేడియం పీల్చుకోవాలి కదా. ఛార్జింగు నిండే వేళ ముల్లు పిసరంత దిగి, కాసేపటికి తిరిగి లేవడం రోజూ గమనించేదాన్ని. అది లేచేది పైన కిటికీ తెరిచి ఉండబట్టే.

వానాకాలం చివర్లో వచ్చే పెనుగాలి మా ఉద్దానం ప్రాంతానికి కొత్త కాదు. ఈసారి వస్తుందనగానే అందరిలాగే మేమూ సిద్ధపడ్డాం. పలాసలో గాలివానకి ముందు ఇళ్లలో చేసే పని ఒకటుంది. పై కిటికీల్లో, కన్నాల్లో జీడిగింజల ఖాళీ గోనెలు మడిచి కుక్కుతారు. గోనె తడిసి ఉబ్బితే చుక్క జల్లు కూడా లోపలికి రాదు. బావ బ్యాటరీ గది కిటికీకి కూడా అలాగే కుక్కాడు. నేను అడిగాను. "ఇప్పుడు సార్జింగు నేదు కదే. గాలెళ్లాక తీసీసి అప్పుడు ఎడతాను," అన్నాడు. అది నిజమే కదా అనుకున్నాను.

గాలి వెళ్లింది. స్తంభాలు పడిపోయాయి, కరెంటు లేదు. వాన మాత్రం పక్కవాటంగా కొడుతూనే ఉంది. తెల్లారేసరికి మా గుమ్మం ముందు జనం. కవిటి నుంచి ఒకాయన బైకు వెనక బ్యాటరీ కట్టుకుని వచ్చాడు. వాళ్ల నాన్నకి కిడ్నీ జబ్బు, డయాలసిస్ చేయించుకుని వచ్చిన రోజు ఫ్యాను గాలి లేకపోతే పడుకోలేడట. బారువ నుంచి ఒక పడవ మనిషి ఆటోలో రెండు బ్యాటరీలు వేసుకుని దిగాడు. ఇంకా చాలామంది. ఎవరికని లేదంటాడు బావ? పెరట్లో జనరేటరు వేసి, గదిలో పట్టినన్ని బ్యాటరీలు ఛార్జింగుకి పెట్టాడు. మామూలు రోజుల కన్నా ఎక్కువ. జల్లు ఛార్జర్ల మీద పడుతుందని గోనెలు తీయలేదు. పడగ్గది వైపు పుల్లటి యాసిడ్ వాసన వస్తోందని, పాప దగ్గుతోందని అత్త జాలీ నిండా పాత చీర ముక్కలు కుక్కింది. దారం గొట్టం చుట్టూ కూడా జాగ్రత్తగా, దానికి దెబ్బ తగలకుండా. ఈ రెండూ నాకు తెలియవు. నేను వంటింట్లో పాప పాలసీసాలు మరగబెడుతున్నాను.

మధ్యాహ్నం పాపకి అత్త నీళ్లు పోసింది. మా దగ్గర చంటిపిల్లకి స్నానమయ్యాక సాంబ్రాణి పట్టాలి. అందులో అత్తకి రాజీ లేదు. కొబ్బరి చిప్పల్ని పెరట్లో చూరు కింది పొయ్యిలో ఎర్రగా కాల్చి, ఆ నిప్పుల్ని పిడి ఉన్న మట్టి మూకుడులో వేసి, సాంబ్రాణి చల్లి, పాపని ఒళ్లో బోర్లా వేసుకుని జుట్టుకి పొగ పట్టిస్తుంది. పొగలోంచి చిన్న తల బయటికొస్తుంటే ఎంత ముద్దుగా ఉంటుందో చెప్పలేను. ఆ రోజు కూడా హాల్లో పొగ పట్టి, పాపని నా చేతికిచ్చింది. నేను సోఫాలో కూర్చుని పాలు పడుతున్నాను. అత్త మూకుడులో ఇంకాస్త సాంబ్రాణి వేసి లేచింది.

"ఆ గదిలో కూడా ఓపాలి తిప్పీసి వత్తాను. పులుపు కంపు పోద్ది. గుంటకి దగ్గు వత్తంది," అంది.

నేను తలెత్తితే ఎదురుగా మీటరు. ముల్లు బొట్టుబిళ్ల దగ్గరికి వచ్చి ఉంది. పడిపోలేదు. దిగుతోంది. చూస్తుండగానే గోరంత దిగి, బొట్టుని తాకింది.

ఎలా లేచానో తెలియదు. పాపని రొమ్ముకి అలాగే అదుముకుని వెళ్లి బ్యాటరీ గది తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాను.

"అత్తా, నిప్పు పెరట్లోకి పట్టుకుపో."

"ఏటే ఆ మొకం? తప్పుకో, సెయ్యి కాల్తంది."

"లోపల గేసు నిండిపోనాది. ముల్లు దిగింది."

"మల్లీ గుడ్డలేటి? నాను ఆరెయ్యనేదు తల్లీ, ఒట్టు."

"గుడ్డలు కాదత్తా. పట్టుకుపో."

అత్త ముఖం మారింది. కోపం కాదు, దెబ్బ తిన్న ముఖం. "నా మనవరాలికి నాను సెడు సేత్తానేటే?" అంది. మూకుడులో నిప్పులు ఎర్రగా కణకణమంటున్నాయి. మా ఇద్దరి మధ్య పాప పాలు తాగడం ఆపి సాంబ్రాణి పొగ వైపు కళ్లు తిప్పి చూస్తోంది. తల అడ్డంగా ఊపుతూ ఏడ్చేశాను.

అత్త ఒక్క క్షణం నా వైపు చూసి, వెనక్కి తిరిగి, పెరట్లోకి నడిచింది.

"బావా!" అని అరిచాను. "జనరేటరు ఆపు! పెరట్లోంచే ఆపు, గదిలోకెళ్లకు, ఏ స్విచ్చీ ముట్టకు!"

దుకాణంలో జనం నవ్వారు. పిల్లగుడ్డల కథ వాళ్లందరికీ తెలుసు. "వదినకి గుడ్డలు ఆరినట్టున్నాయిరా," అన్నాడు బారువ మనిషి. బావ కూడా నవ్వుతూనే హాల్లోకి వచ్చాడు. మీటరు చూశాడు. తర్వాత తను మేకులు కొట్టిన గొట్టాన్ని ఈ చివరనుంచి ఆ చివర దాకా చూశాడు. దాని మీద ఏమీ లేదు, ఏమీ ఉండే వీల్లేకుండా బిగించింది తనే. పడగ్గది గుమ్మంలోంచి జాలీకి కుక్కిన చీర ముక్కలు కనబడ్డాయి. అతని ముఖంలో నవ్వు పోవడం నేను చూశాను.

పెరట్లోకి పరిగెత్తి జనరేటరు ఆపాడు. ఇల్లంతా ఒక్కసారి నిశ్శబ్దమైంది. లోపల తీగలు తీయబోతే అక్కడే నిప్పురవ్వ రావొచ్చు, అందుకే బయటినుంచే ఆపమన్నాను. అందరినీ రోడ్డు మీదికి పంపించాడు. నన్నూ పాపనీ ఎదురింటి అరుగు మీద కూర్చోబెట్టి, దుకాణం ముందు కప్పిన టార్పాలిన్ ఊడదీసి మా మీద కప్పాడు. నవ్విన బారువ మనిషే నిచ్చెన వేయించుకుని, వానలో తడుస్తూ, బయటి వైపునుంచి గోనెలు ఒక్కొక్కటే పీకాడు. ఉబ్బిపోయి రానంటున్న గోనెని తిడుతూ, "ఇందులో జీడిపప్పుందేటి, ఇంత గట్టిగా దాసుకున్నావు!" అని బావ మీద అరుస్తూ.

అత్త పెరట్లో నిప్పుల మీద చెంబుడు నీళ్లు గుమ్మరించి వచ్చి నా పక్కన కూర్చుంది. కాసేపటికి టార్పాలిన్ కిందకి జరిగి, పాప పాదాలు తన కొంగుతో చుట్టింది.

చాలాసేపు ఆగి, బావ మెల్లగా హాల్లోకి వెళ్లి మీటరు చూసి, గుమ్మంలోంచి చెయ్యి పైకెత్తాడు. ముల్లు లేస్తోంది.

సాయంత్రం ఫోను కలిశాక మేడమ్‌కి చెప్పాను. ఎంత వాయువు చేరి ఉంటుందని అడిగాను. "అంత తేమలో ఆ పూత ఎంత సరిగ్గా చెప్పిందో నాకు తెలియదమ్మా. నిప్పు తీసుకెళ్లినా ఏమీ జరగకపోయి ఉండొచ్చు," అన్నారు. మళ్లీ తనే, "జరిగి కూడా ఉండొచ్చు," అన్నారు. నేను ఈ రెండో మాట బావకి చెప్పాను, అత్తకి చెప్పలేదు.

చెప్పనక్కర్లేకపోయింది. ఆ పూట అత్త అన్నం ముట్టలేదు. నేను కంచం పట్టుకుని వెళ్లి పక్కన కూర్చుంటే, గోడ వైపు చూస్తూ, "నా సేతుల్తోనే పట్టుకెళ్లాను కదే," అంది.

"పాప దగ్గుతందని పట్టుకెళ్లావత్తా."

"అదే. మంచికేనని పట్టుకెళ్లాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు అడ్డం నిలబడిపోతే కోపమొచ్చింది నాకు. నిన్ను తోసీద్దుననుకున్నాను. సంకలో గుంట ఉందని ఆగాను."

ముద్ద కలిపి నోటి దగ్గర పెట్టాను. పాపకి పెట్టినట్టు. తింది.

మర్నాడు పొద్దున్న చప్పుడుకి లేచి వెళ్లి చూస్తే, అత్త వసారా ఖాళీ చేస్తోంది. కొబ్బరికాయలు పెరట్లోకి దొర్లుతున్నాయి. జాడీలు వంటింటి గుమ్మంలో వరసగా నిలబడ్డాయి. ఎండు చేపల బుట్ట నెత్తిన పెట్టుకుని ఎక్కడ దింపాలో తెలియక నిలబడి ఉంది.

బావ కళ్లు నులుముకుంటూ వచ్చాడు. "ఏటమ్మా ఇది?"

"బేటరీలు ఇక్కడెట్టు. గ్రిల్లుకి తాళమేసుకో, దొంగలు రారు. వాన పడితే టార్పాలిను కట్టు. మూడు పక్కలా గాలాడతాది."

"మరి కాయలెక్కడెడతావు?"

"నీ నెత్తిమీద. ఆ గదిలోనే ఎడతాను, గేసు రాని సరుకు. నువ్వు మాటలాపి ఆ రోలటు లాగు."

"నీ మద్దేనపు కునుకో?"

"నా మనవరాలి పక్కన తీత్తాను. దాని గదిలో ఇంక బయమేటుంది?" అని, నా వైపు తిరిగి, "ఏటే, ఉందేటి? నీ సదువునడిగి సెప్పు," అంది.

లేదని చెప్పాను.

పొద్దుటినుంచీ మోతే. బావ, కవిటి ఆయన, బారువ మనిషి కలిసి బ్యాటరీలు వసారాకి చేర్చారు. ఛార్జర్లని గోడకి ఎత్తుగా బిగించారు. పైన టార్పాలిన్ వాలుగా కట్టారు, జల్లు తగలకుండా, గాలి ఆగకుండా. నేను దగ్గరుండి ఎక్కడ ఖాళీ ఉంచాలో చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. నవ్వారు గానీ నా మీద కాదు, రోలు లాగలేక కూలబడిన బావ మీద. బారువ మనిషి, "సదివిన పెల్లాముంటే ఇలగే ఉంటాదిరా, పనంతా నీకే," అన్నాడు. అత్త లోపలినుంచి, "ఆ పిల్ల నేకపోతే నీ బేటరీ నీ పడవెక్కేదేటి? నోరు మూసుకుని పట్టు," అంది.

కవిటి ఆయన బ్యాటరీ ముందు నిండింది. బైకు వెనక తాళ్లతో కట్టుకుంటుంటే, వాళ్ల నాన్నకి ఎలా ఉందని అడిగాను. రాత్రి విసనకర్రతో వంతులు వేసుకుని విసిరారట. ఆ ముసలాయన గురించి మాట్లాడుతూ, ఆయన్ని డయాలసిస్‌కి ఎక్కడికి తీసుకెళ్తున్నారో, మా వైపు ఈ జబ్బుకి నీళ్లే కారణమంటారు కనుక నీళ్లు ఎక్కడివి తాగుతున్నారో అడుగుతూ నిలబడిపోయాను. ఆయన వెళ్లాక ఇంకొకరు వచ్చారు. బ్యాటరీల మూతలు తెరిచి ఉన్నాయో లేదో చూశాను. వంగి వాసన చూస్తున్న ఒకాయన్ని బీడీ పారేయమని గదిమాను.

మధ్యాహ్నపు ఎండ పెరట్లో కొబ్బరికాయల మీద పడింది. చేతులు కడుక్కుంటుంటే అప్పుడు తట్టింది, పొద్దున్న పాలిచ్చి పడుకోబెట్టాక నేను పాపని చూడనే లేదు. ఒక్కసారి కూడా లోపలికి వెళ్లలేదు. ముక్కు దగ్గర వేలు పెట్టి చూడలేదు. తువ్వాలు అక్కడే వదిలేసి వెళ్లబోయి, పడగ్గది కిటికీ దగ్గర ఆగాను. లోపల అత్త పాప పక్కన ఒత్తిగిలి నోరు తెరిచి గురక పెడుతోంది. పాప మేలుకునే ఉంది. ఆవిడ గాజులు ఒక్కొక్కటే పట్టుకుని లాగుతూ, రాకపోతే మళ్లీ లాగుతోంది. నేను లోపలికి వెళ్లలేదు. వసారాలో ఇంకా నిండని బ్యాటరీలున్నాయి.